తలుపు ఐదు, బొమ్మ ఐదుముప్పావు

రేకుల షెడ్డు. మిట్టమధ్యాహ్నం. లోపల ఓ పెద్ద బొమ్మ, దాని చుట్టూ మిగిలిన సందులో ఇద్దరు ఆడవాళ్లు. ఒకావిడ పాత అట్టలతో బొమ్మలు చేస్తుంది. రెండో ఆవిడ ఆమెకు స్వయానా వదిన; జనం ఇల్లు మారుతుంటే సామాన్లు కట్టించి, బండికెక్కించి, కొత్త ఇంట్లో దింపించడం ఆవిడ వృత్తి. షెడ్డు కూడా ఆవిడదే. బయట బండీ డ్రైవరూ నలుగురు మనుషులూ ఎదురుచూస్తున్నారు.

"ఇంకోసారి కొలువు వదినా."

"మూడుసార్లు కొలిచా. నాలుగోసారి కొలిస్తే తలుపు సిగ్గుపడి పెద్దదవుతుందా?"

"టేపు వంకరగా పట్టుకున్నావేమో."

"ఇరవై రెండేళ్లుగా టేపు పట్టిన చెయ్యి ఇది. బీరువాలు, ఫ్రిజ్‌లు, ఓసారి ఓ పియానో. ఆ పియానోని మూడో అంతస్తు బాల్కనీలోంచి తాళ్లతో దింపా, ఒక్క మీట కూడా కదల్లేదు. నా టేపుకి వంకలు పెట్టకు. తలుపు ఐదడుగులు. నీ బొమ్మ ఐదడుగుల తొమ్మిదంగుళాలు."

"పక్కకి తిప్పితే?"

"గుండ్రంగా ఉందే తల్లీ! గుమ్మడికాయని ఎటు తిప్పితే సన్నబడుతుంది?"

"పడుకోబెడితే?"

"పడుకున్న గుమ్మడికాయవుతుంది."

"గుమ్మడికాయ అనకు. దానికో పేరుంది. ఖాళీ."

"ఎనిమిదడుగుల ఎత్తు, మూడొందల కిలోల బరువు, నలుగురు మోస్తే గానీ లేవదు. దాని పేరు ఖాళీ!"

"లోపలున్న ఖాళీయే వదినా బొమ్మ. బయట కనపడేది దాని చుట్టూ ఉన్న..."

"దాని చుట్టూ ఉన్న నా అట్టపెట్టెలు. తెలుసు. రెండేళ్లుగా నా గోడౌన్లో ఒక్క పాత పెట్టె మిగలనివ్వలేదు నువ్వు. చిత్తుకాగితాలాయన నా మీద అలిగి ఈ వీధికి రావడమే మానేశాడు."

"అక్కా! ఇంజను ఆపమంటావా, ఉంచమంటావా?"

"ఆపు డ్రైవరూ! ఆపి, మనవాళ్లందర్నీ నీడలో కూర్చోమను."

"ఎంతసేపక్కా?"

"మన కళాకారిణిగారు ఈ తలుపుని పెంచేదాకా."

"వాళ్ల ముందు వెటకారాలెందుకు? అసలే నన్ను అట్టలమ్మ అంటున్నారు."

"ఆ పేరు పెట్టింది నేనే. సరే, అట్టలమ్మా, ఇప్పుడు పన్నెండున్నర. గ్యాలరీవాళ్లు ఐదింటికి తలుపులేసేస్తారు. రేపు పొద్దున జనం వస్తారు. దారి గంటన్నర. ముందు నాకొక్క సంగతి చెప్పు. ఆ గ్యాలరీ హాలు పొడవెంత?"

"అరవై మూడడుగుల నాలుగంగుళాలు."

"వెడల్పు?"

"నలభై ఒకటిన్నర."

"ఎత్తు?"

"పద్దెనిమిది. దూలం ఉన్నచోట పదహారున్నర."

"స్విచ్చిబోర్డు కూడా కొలిచొచ్చినట్టున్నావు."

"దాని నీడ గోడ మీద పడుతుంది మరి. కొలవద్దూ?"

"ఈ తలుపు?"

"ఈ తలుపా..."

"ఇదే. రోజుకి నాలుగుసార్లు దీన్లోంచి లోపలికొచ్చి బయటికెళ్లావు. రెండేళ్లు."

"నేను పట్టాను కదా. అందుకని అనుమానం రాలేదు."

"నువ్వు పట్టావు! విన్నావా డ్రైవరూ, ఆవిడ పట్టిందట!"

"వాళ్లనెందుకు కలుపుతావ్?"

"స్థలం, స్థలం అని నా చెవులు చిల్లులు పొడిచావే! మొన్న అన్నం దగ్గర మీ అన్నకి గంటసేపు చెప్పావు. వస్తువు ముఖ్యం కాదు, వస్తువుకీ గోడకీ మధ్యనున్న స్థలం ముఖ్యం అని. ఆ మానవుడు నమ్మేశాడు. మర్నాడు సోఫాని గోడకి రెండడుగులు ఇవతలకి జరిపాడు. ఇప్పుడు వంటింట్లోకి వెళ్లాలంటే సోఫా ఎక్కి దిగుతున్నాం."

"అన్నకి అర్థమైంది అయితే."

"మోకాలి చిప్పకి అర్థమైంది. నీకన్నా నీలాగే బొమ్మలు పెట్టే ఆ బకెట్లవాడు నయం. మూడొందల బకెట్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఆటోలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా బండి కూడా అడగలేదు."

"వాడి ఊసు నా దగ్గర ఎత్తకు. ప్లాస్టిక్ బకెట్లని కొట్లో కొన్నవి కొన్నట్టే తాళ్లకి వేలాడదీసి 'దాహం' అని పేరు పెట్టాడు. జనం పొంగిపోయారు. అసలు బకెట్‌కి ఏం కావాలో ఒక్కసారైనా అడిగాడా వాడు?"

"నువ్వు అట్టని అడిగావా?"

"అడిగా."

"ఏమంది?"

"తడపమంది."

"ఓహో."

"నవ్వకు. నిజం. అట్టని ఇలా వంగు, అలా వంగు అని నేను చెప్పను వదినా. తడిపి వదిలేస్తా. ఒక పెట్టెలో ఎన్నేళ్లు ఏం మోసిందో, ఆ బరువుకి అదివరకే ఓ వైపు ఒంగి ఉంటుంది. నీళ్లు తగలగానే అటే పోతుంది. నేను జిగురు గిన్నె పట్టుకుని పక్కన నిలబడతా, అంతే."

"జీతం లేని పనిమనిషిలాగా."

"ఇంచుమించు."

"మరి అది మర్యాదగా చెప్పిన మాట వింటుందంటున్నావు కదా, ఓ పని చేద్దాం. రంపం తెప్పిస్తా. మధ్యకి కోసి రెండు చెక్కలు చేద్దాం. అక్కడికెళ్లాక అతికించుకో. మైదా జిగురే కదా?"

"కోస్తావా!"

"గుమ్మడికాయని కొయ్యరా?"

"వదినా, ఇది ఒక్కటే ముక్క. ఒక అట్ట పూర్తిగా ఆరకముందే దాని మీద ఇంకోటి వేశా. రెండేళ్లలో ఒక్కరోజు కూడా పూర్తిగా ఆరనివ్వలేదు. వానాకాలంలో ఇక్కడే పడుకున్నా. ఎక్కడ కోసినా చచ్చిపోతుంది."

"ఏడ్చావులే. జిగురులో నువ్వు మైలుతుత్తం కలిపినప్పటి నుంచి ఈ షెడ్డులో బొద్దింకలు తప్ప ఇంకేవీ చావలేదు. సరే, కొయ్యద్దు. పైన రేకులు విప్పి క్రేనుతో లేపితే?"

"క్రేను ఈ సందులోకి రాదుగా."

"అదేంటి, సందు మాత్రం కొలిచావా?"

"ఊరికే... చూస్తే తెలీట్లా?"

"ఊఁ. అయితే ఇక గోడే గతి. ఇదిగో ఈ పక్క గోడ పడగొట్టిస్తా. ఒంటి ఇటుక గోడ. పైకప్పు ఇనప స్తంభాల మీదుంది కాబట్టి దానికేం కాదు. మావాళ్లు గంటలో తీసేస్తారు."

"వద్దు వద్దు. గోడ వద్దు."

"ఎందుకొద్దు?"

"అన్న కట్టించిన గోడ."

"మీ అన్న కట్టించిన గోడ కాబట్టే గంట చాలంటున్నా. వేరేవాళ్లు కట్టించుంటే పూట పట్టేది."

"వదినా, నీకు నష్టం..."

"గోడ నాది, ఇటుక నాది, నష్టం నాది. నీకెక్కడ నొప్పి?"

"చూడ్డానికి బాగోదు. గోడ లేకపోతే షెడ్డు... మొండిగా..."

"గోడల మీద నీకింత ప్రేమ ఎప్పట్నుంచే? నిరుడు దీనికి సున్నం వేయిస్తానంటే, అదీ వద్దు, దాని చర్మం దానికుండనీ అన్నావు. జరుగు, ఎక్కడ మొదలెట్టాలో గుర్తు పెడతా. తలుపు చౌకట్టు దగ్గర్నుంచి తీసుకొస్తే... ఇదేంటి?"

"ఏది?"

"ఈ చౌకట్టు మీద. పెన్సిలు రాత."

"వడ్రంగి రాసుంటాడు."

"వడ్రంగి 'బొమ్మ' అని ఎందుకు రాస్తాడు? కళ్లజోడు ఏదీ... ఆఁ. 'తలుపు ఐదు. బొమ్మ ఐదుముప్పావు.' ఇది నీ రాతే. కింద తారీకు కూడా వేశావు."

"ఎప్పటిదో పాత లెక్క."

"రెండేళ్ల కిందటి తారీకు. గ్యాలరీవాళ్లు నిన్ను పిలిచిన వారానికి. అప్పటికి నా దగ్గర్నుంచి ఒక్క పెట్టె కూడా తీసుకెళ్లలేదు నువ్వు."

"ఇక్కడ ఉక్కగా ఉంది వదినా. బయటికెళ్లి మాట్లాడుకుందాం."

"బయటికెలా వస్తావ్, నువ్వూ ఐదుముప్పావేనా? నిలబడక్కడ. మర్చిపోలేదన్నమాట. కొలవకపోవడం కాదు. ముందు తలుపు కొలిచి, తర్వాత దానికన్నా ముప్పావడుగు ఎక్కువ ఉండేట్టు బొమ్మ చేశావు. కావాలనే. నోరు తెరువు!"

"ఐదున్నరే అనుకున్నా మొదట. మరీ అర అడుగైతే నువ్వు ఎలాగోలా తోయించేస్తావని భయమేసింది. నీ సంగతి తెలుసు కదా."

"ఓసి నీ... నా మీద లెక్కేసి పావడుగు కలిపావా!"

"గట్టిగా అరవకు. డ్రైవర్ వింటున్నాడు."

"విననీ! డ్రైవరూ, వింటున్నావా?"

"లేదక్కా! బీడీ కాలుస్తున్నా!"

"ఐదేళ్ల కిందట గోనెసంచులతో చేశావు. బండి రావాల్సిన రోజున వాన. పైన కప్పిన టార్పాలిన్ ఎగిరిపోయిందన్నావు. నాలుగు మూలలా ముడులేసింది నేను. నా ముడి గాలికి ఊడదని అప్పుడే అనుకున్నా. ఎవరు విప్పారు?"

"నేనే."

"దానికి ముందు మైనం బొమ్మ. ఎండలో పెట్టి మర్చిపోయానన్నావు."

"అది నిజంగానే మర్చిపోయా."

"నిజంగా?"

"మొదట గొడుగు పెట్టా. తర్వాత... గొడుగు మర్చిపోయి ఇంటికి తీసుకెళ్లా."

"గొడుగు మర్చిపోయి ఇంటికి తీసుకెళ్లింది! ఎందుకే తల్లీ? తిండి మానేసి, నిద్ర మానేసి చేస్తావు, చేసింది నలుగురూ చూసే రోజు వచ్చేసరికి దాని పీక నువ్వే నొక్కుతావు. ఎవరికోసం ఇదంతా?"

"టీ గ్లాసు."

"ఏంటి?"

"పదకొండేళ్ల కిందట నా మొదటి బొమ్మ. నువ్వు రాలేదు, నీకప్పుడు చెయ్యి విరిగింది. ఇక్కడే, ఈ షెడ్డులోనే చేశా. ఇక్కడున్నప్పుడు అది ఎంత పెద్దగా ఉండేదో గుర్తుందా?"

"గుర్తులేకేం. దాన్ని దాటి ఆ మూలకి వెళ్లలేక నా చీపురు అక్కడే వదిలేశా ఆర్నెల్లు."

"అక్కడ హాల్లో పెడితే ఇంతైపోయింది వదినా. ఇంతే. దీపాలేసి, చుట్టూ తెల్లగోడలు పెట్టి, మధ్యలో దాన్ని నిలబెట్టారు. తప్పిపోయిన పిల్లలా ఉంది. ఒకాయన ఫోన్లో మాట్లాడుకుంటూ వచ్చి, చేతిలో టీ గ్లాసు దాని మీద పెట్టి వెళ్లిపోయాడు."

"బల్ల అనుకున్నాడేమో."

"బల్లే అనుకున్నాడు! అదే చెప్తున్నా! తప్పు ఆయనది కూడా కాదు. ఆ గదిలో అది బల్లంతే ఉంది. నేను వెళ్లి గ్లాసు తియ్యలేదు. నాదని ఎవరికైనా తెలుస్తుందేమోనని సిగ్గేసి గోడ పక్కన నిలబడ్డా. ఆయన తిరిగొచ్చి, టీ చల్లారిందని ఇంకో గ్లాసు తెచ్చి పెట్టాడు."

"రెండు గ్లాసులా?"

"నవ్వు. నవ్వుకో."

"నవ్వట్లేదే. నవ్వొస్తే ఆపుకుంటున్నా, అంతే."

"ఇక్కడ దీని పక్కనుంచి పోవాలంటే పొట్ట లోపలికి పీల్చుకోవాలి. జుట్టుకి అట్ట తగులుతుంది. దాని వాసన మొహానికి కొడుతుంది. నిన్ను ఒప్పించదు, బతిమాలదు, అడ్డంగా నిలబడుతుంది. అదీ దాని బలం. అది ఈ గదికీ దానికీ మధ్య సంగతి. అక్కడికి తీసుకెళ్తే చుట్టూ అరవై అడుగుల గాలి. జనం దాని చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. ఇంకోసారి చూడలేను వదినా. నాకు భయం. ఇందులో గొప్పదనమేం లేదు, ఉత్త భయం. ఏదో ఒకటి అను."

"దీని లోపలికి ఎటునుంచి వెళ్లాలి?"

"ఎందుకు?"

"రెండేళ్లనుంచి పెట్టెలిస్తున్నా. ఒక్కసారి కూడా లోపలికి వెళ్లి చూడలేదు. ఈ సందులోంచి నేను పడతానా?"

"పడతావు. పక్కకి తిరుగు. తల కొంచెం వంచు."

"చీకటిగా ఉంది."

"కాసేపు ఆగు. పైనున్న కంతలోంచి వెలుతురొస్తుంది, కళ్లు అలవాటు పడాలి."

"ఏవో రాతలున్నాయే ఇక్కడ?"

"పెట్టెల మీద జనం రాసుకున్నవే. రాతున్న వైపు లోపలికి పెట్టా. బయట ఒక్క అక్షరం ఉండదు."

"'వంటింటివి, గాజువి, మెల్లిగా.' 'పిల్లల బూట్లు.' 'దీన్ని నేనే విప్పుతా, ఎవరూ ముట్టుకోవద్దు.' 'ఏమున్నాయో తెలీదు.' ఒసేయ్, ఇది నాకు గుర్తుంది! ఓ లెక్కల మాస్టారు. పెట్టె ఎత్తితే గలగలమంది. విప్పి చూద్దామండీ అంటే, వద్దమ్మా, ముప్పై ఏళ్లుగా తెలీదు, ఇప్పుడు తెలిసి ఏం చెయ్యాలి అన్నాడు. మూడు ఇళ్లు మారాడు నా చేతుల మీదుగా. ఆ పెట్టె విప్పనే లేదు."

"మరి నీ దగ్గరికెలా వచ్చింది?"

"ఆయన పోయాక కొడుకు విప్పాడు. అన్నీ తాళంచెవులేనట. ఏ తాళాలవో ఎవరికీ తెలీదు. ... ఇదేంటి, ఇది నా రాత."

"ఊఁ."

"'ఇటువైపు పైకి.' ఇక్కడింకోటి. 'ఇటువైపు పైకి.' ఇక్కడ తలకిందులుగా పెట్టావు. ఈ పైన వరసంతా నేనే. నా రాత ఎంతుందే ఇందులో!"

"నీదే ఎక్కువ. వదినా? బయటికి రా. ఎక్కువసేపుంటే ఊపిరాడదు."

"ఉండు కాసేపు."

"ఏడుస్తున్నావా?"

"అట్ట దుమ్ము. నోర్మూసుకుని విను. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నా. ఏ ఇంట్లో అయినా సామాను దింపిన గంటకి నేను చేసింది కనపడదు. మంచం మంచంలాగే ఉంటుంది, అద్దం పగలదు, గిన్నెలు అరల్లోకి వెళ్లిపోతాయి. మా పని బాగా చేస్తే ఏమీ జరగనట్టుండాలి. మంచినీళ్లిచ్చి పంపించేస్తారు. నేను చేసిందంటూ కంటికి కనపడేది ఎక్కడైనా ఉందంటే, ఇందులో ఉంది. దీన్ని నువ్వు రేకుల కింద దాచేస్తావా? అడగకుండా? నీ భయం నీది, మరి నా రాత? నాకు ఏడుపొస్తోంది, కోపమూ వస్తోంది, ముందు ఏది రానివ్వాలో తెలీక చస్తున్నా."

"ముందు బయటికి రా. తల జాగ్రత్త."

"ఆఁ. వచ్చా. చీర పాడైంది."

"నేనలా అనుకోలేదు వదినా. నీదని... నీకూ చూపించుకోవాలనుంటుందని."

"నాకేం అక్కర్లేదు. పోనీ. ఈ బుర్రతక్కువ గ్యాలరీవాళ్లనాలి అసలు. ఎవరన్నా సామాను గది మధ్యలో దింపుతారా?"

"బొమ్మలు మధ్యలోనే పెడతారు. చుట్టూ తిరిగి చూడాలని."

"మధ్యలో పెడితే ఏదైనా బల్లే. కొత్త ఇంట్లో బీరువా దింపేటప్పుడు మావాళ్లు బద్ధకించి తలుపు దగ్గర వదిలేశారనుకో, ఇంటావిడ ఏమంటుందో తెలుసా? అమ్మో, ఇంత పెద్ద బీరువానా మాది, ఇల్లంతా ఇదే ఉందే అంటుంది. దాన్నే లాగి గది మధ్యలో పెట్టు, ఎక్కడికి పోయిందీ అని వెతుక్కుంటుంది. అరవై అడుగుల హాలు కాదు, ఆరొందల అడుగుల హాలవనీ, లోపలికి రావాలంటే తలుపులోంచే కదా రావాలి? ఏంటలా చూస్తావ్?"

"తలుపు దగ్గరంటే... ఎంత దగ్గర?"

"నీకెందుకు, పోవట్లేదుగా."

"ఊరికే అడుగుతున్నా."

"మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టనంత. పొట్ట లోపలికి పీల్చుకోవాలన్నావు కదా, అంత."

"అడుగున్నర."

"ఒకటింబావు. లావుపాటివాళ్లు మొహమాటపడతారు, పడనీ."

"అంటే లోపలికొచ్చేసరికి కళ్లకి హాలు కనపడదు. ముందు అట్టే. దాన్ని ఒరుసుకుని వచ్చాక, అప్పుడు ముందుకి చూస్తే... అరవై అడుగులూ ఖాళీ. మొత్తం ఖాళీ. ఒక్క వస్తువు ఉండదు. అమ్మ బాబోయ్."

"ఏంటి?"

"ఏం లేదు."

"మొహం వెలిగింది."

"ఉక్కకి."

"సరే. నీ బొమ్మ, నీ ఇష్టం. బలవంతంగా ఎవర్నీ ఇల్లు మార్పించను నేను. బండి పంపించేస్తా. కానీ రావట్లేదన్న మాట నువ్వే చెప్పు వాళ్లకి. ఈసారి వాన మీదా ఎండ మీదా తొయ్యకు. తలుపు కొలిచి మరీ పెద్దది చేశానండీ అని చెప్పు."

"నా ఫోన్ ఇంట్లో ఉంది."

"ఇదిగో నాది. నంబరు గుర్తుందా?"

"గుర్తే."

"స్విచ్చిబోర్డు కొలత గుర్తుంటే నంబరు గుర్తుండదా. చెయ్యి."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

"ఇది... ఎక్కడ నొక్కాలి?"

"లోకంలో అందరూ ఎక్కడ నొక్కుతారో అక్కడే."

"..."

"మోగుతోందా?"

"... ఆఁ. మోగుతోంది."

"స్పీకరు పెట్టు, నేనూ వింటా."

"వద్దు, రేకుల కింద గోల గోలగా వినపడుతుంది. హలో? ... ఆఁ, నేనేనండీ. ... అవునండీ, అట్టల బొమ్మ. ... ఆ విషయమే చెబుదామని. ఇవాళ రావడం కుదిరేట్టు... అంటే, ఇక్కడ తలుపు చిన్నది. ... ఆఁ, తలుపే. ... నిజమేనండీ, ముందే చూసుకోవాల్సింది. ..."

"అసలు సంగతి చెప్పవే."

"ష్! ... ఆఁ? ... మా స్థలంలోనా? ఎవర్ని పెడతారు? ... ఎవరూ? ... ఆ బకెట్లవాడినా!"

"ఏంటీ, బకెట్లవాడినా?"

"నువ్వుండు వదినా! ... లేదండీ, మిమ్మల్ని కాదు. ... అంటే నేను రాకపోతే ఆ మూడొందల బకెట్లూ అక్కడ వేలాడతాయా? మొత్తం హాల్లో? ... రానని నేనెప్పుడన్నాను? ఆలస్యమవుతుందన్నా. ... ఐదింటిలోపే వస్తాం. గోడ పడగొట్టయినా సరే వస్తాం. ... ఇంకో మాటండీ. హాలు మధ్యలో వద్దు. తలుపు దగ్గర పెట్టాలి. ఒకటింబావు అడుగు దారి వదిలి. ... ఒప్పుకుంటారా? ... చాలా సంతోషమండీ. ... ఉంటా."

"ఏమంది?"

"విన్నావుగా! ఆ బకెట్లవాడికి ఇచ్చేస్తారట! అక్కడి బోర్డు మీద నా పేరు చెరిపేసి వాడి పేరు రాస్తారట! నేను చచ్చినా ఒప్పుకోను. నా భయం సంగతి తర్వాత చూసుకుంటా. వదినా, గోడ!"

"గోడ వద్దన్నావు. మీ అన్న కట్టించిన గోడ."

"అన్నకి నేను చెప్పుకుంటా. గోడకీ ఇంకో గోడకీ మధ్యనున్న స్థలం ముఖ్యమంటా."

"చూడ్డానికి మొండిగా ఉంటుందేమో."

"వదినా, కాళ్లు పట్టుకుంటా."

"డ్రైవరూ! గునపాలు తీసుకుని మనవాళ్లని రమ్మను! ఈ పక్క గోడ! పైవరస నుంచి మెల్లిగా దింపండి, బొమ్మ మీద ఒక్క ఇటుక పడిందో, మీ అందర్నీ కూర్చోబెట్టి ఈవిడ చేత స్థలం గురించి చెప్పిస్తా!"

"వద్దక్కా! మెల్లిగానే తీస్తాం!"

"దుప్పట్లు కప్పండి దాని మీద. పాతవి కాదు, గాజు సామానుకి వాడేవి."

"వదినా, ముడులు నువ్వే వెయ్యి."

"నేనే వేస్తా. ఈసారి నువ్వు బండి వెనక ఎక్కడానికి వీల్లేదు. ముందు, నా పక్కన కూర్చో. కనపడేట్టు."

"కూర్చుంటా."

"అదిగో, వెలుతురొచ్చింది. ఇటు వచ్చి చూడు. గోడ సగం పోయాక నీ గుమ్మడికాయ ఎలా ఉందో."

"... చిన్నగా లేదు వదినా."

"లేదు."

"వెనక వీధంతా కనపడుతున్నా చిన్నగా లేదు."

"కళ్లు తుడుచుకో. మనుషులు చూస్తున్నారు."

"అట్ట దుమ్ము."

"ఊఁ. ఇంతకీ ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకుందా? తలుపు దగ్గర పెట్టడానికి?"

"ఒక్క మాటకే ఒప్పుకుంది."

"మంచి మనిషి."

"చాలా మంచి మనిషి."

"సరే, బండెక్కు. దారిలో మీ ఇంటి దగ్గర ఆపుతా, నీ ఫోన్ తెచ్చుకుని ఆ తలుపు మాట ఆవిడతో ఒకసారి మాట్లాడు. నాది పొద్దున నీళ్ల తొట్టిలో పడ్డప్పటి నుంచి చచ్చే ఉంది."